గోపాల్‌పేటలో మధ్యాహ్నం ఎండ మండుతుంది.. మరి 90 కిలోమీటర్ల పైన ‘మధ్యాహ్నం’ ఎప్పుడు? రాడార్ చెప్పే లెక్క ఇదీ!

ఏప్రిల్, మే నెలల్లో వనపర్తి జిల్లా గోపాల్‌పేట వైపు వెళ్తే మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద మనిషి కనిపించడు. నాలుగు దాటేసరికి పడమట మబ్బు కమ్ముతుంది. గాలి దుమారం లేస్తుంది. కల్లంలో, కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పడానికి అందరూ పరుగులు తీస్తారు. అరగంటలో అంతా అయిపోతుంది. ఉరుములు, పిడుగులు, ఒక్కోసారి రాళ్లవాన.

పొద్దున లేచినప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మరి సాయంత్రానికి ఇంత ఎలా మారింది? జవాబు నేల మీద లేదు. పైన ఉంది. కింది గాలి, పై గాలి రోజంతా ఎలా వేడెక్కాయి, ఎలా చల్లబడ్డాయి అన్నదాంట్లో ఉంది. ఆ మార్పును గంట గంటకూ పట్టుకునే పనిముట్టే రాడార్. థర్మామీటర్ పైకి పంపకుండానే ఆకాశంలో ఉష్ణోగ్రత కొలిచే ఈ పద్ధతికి సంబంధించి మన తెలుగు నేల మీదే పెద్ద కేంద్రం ఉంది. అదెక్కడ? ఎలా పనిచేస్తుంది? మనకేంటి లాభం? వివరంగా చూద్దాం.

పైకి పోతే ఎంత చల్లన?

ముందు ఆకాశం లెక్క తెలియాలి. నేల మీద 42 డిగ్రీల ఎండ ఉన్న రోజున కూడా 5 కిలోమీటర్ల ఎత్తుకు పోతే నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతూ పోతుంది. మన ప్రాంతం మీద 16, 17 కిలోమీటర్ల దగ్గర సుమారు మైనస్ 80 డిగ్రీలు. విమానాలు ఎగిరే ఎత్తు కంటే ఇది ఇంకా పైన.

అక్కడి నుంచి కథ తిరగబడుతుంది. ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడంతో పైకి పోయేకొద్దీ మళ్లీ వేడెక్కుతుంది. 50 కిలోమీటర్ల దగ్గర దాదాపు సున్నా డిగ్రీలకు వస్తుంది. ఆ తర్వాత మళ్లీ పడిపోతుంది. 90 నుంచి 100 కిలోమీటర్ల మధ్య మైనస్ 90 డిగ్రీల దాకా చేరుతుంది. ఇంకా పైకి పోతే మళ్లీ వేడి. 300 కిలోమీటర్ల దగ్గర వందల డిగ్రీలు దాటి వెయ్యికి కూడా చేరుతుంది.

ఇవన్నీ సగటు లెక్కలు. అసలు విషయం వేరే ఉంది. ఈ ప్రతి పొరలోనూ ఉష్ణోగ్రత పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ఆ తేడా తెలియకపోతే సగటు కూడా తప్పే వస్తుంది.

బెలూన్ ఉంది కదా.. మళ్లీ రాడార్ ఎందుకు?

వాతావరణ శాఖ రోజూ బెలూన్లు వదులుతుందని చాలామందికి తెలుసు. హైదరాబాద్‌లో కూడా వదులుతారు. బెలూన్‌కు కట్టిన చిన్న డబ్బాలో ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే సెన్సర్లు ఉంటాయి. గంటన్నర, రెండు గంటల్లో 30 కిలోమీటర్ల దాకా పోయి బెలూన్ పగిలిపోతుంది. కొలతలు చాలా నమ్మకమైనవి.

చిక్కల్లా టైమింగ్‌తోనే. ప్రపంచమంతా ఒకే సమయానికి బెలూన్లు వదలాలి కాబట్టి మన దగ్గర అది ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర లెక్కకు వస్తుంది. మధ్యలో 12 గంటల ఖాళీ. ఎండ ముదిరేది ఆ ఖాళీలోనే. మబ్బు పుట్టేదీ ఆ ఖాళీలోనే.

రాత్రి నేల చల్లబడినప్పుడు దాని మీది గాలి కూడా చల్లబడుతుంది. దానికి పైన కాస్త వెచ్చని గాలి పొర ఉండిపోతుంది. కుండ మీద మూత లాంటిది అది. పొగ, దుమ్ము, తేమ అన్నీ ఆ మూత కిందే చిక్కుకుంటాయి. పొద్దున్నే ఊళ్లో పొయ్యి పొగ పైకి పోకుండా ఇళ్ల మీద చాప పరిచినట్టు నిలబడటం చూసే ఉంటారు. కారణం ఆ మూతే.

సూర్యుడు ఎక్కేకొద్దీ నేల వేడెక్కి, ఆ మూతను కింది నుంచి తింటూ పోతుంది. మూత పూర్తిగా తొలగిన క్షణంలో వేడి గాలి ఒక్కసారిగా పైకి లేస్తుంది. తగినంత తేమ ఉంటే అదే పిడుగుల మబ్బు అవుతుంది. ఆ మూత మధ్యాహ్నం రెండింటికి తొలగిందా, ఐదింటికి తొలగిందా? రోజుకు రెండు బెలూన్లతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. 24 గంటలూ పైకి చూస్తూ కూర్చునే కన్ను కావాలి.

వాన రాడార్ వేరు.. ఈ రాడార్ వేరు!

టీవీలో ఎరుపు, పసుపు రంగుల్లో మబ్బులు కదులుతున్నట్టు చూపించేది డాప్లర్ వెదర్ రాడార్. అది వాన చినుకులు, వడగళ్ల మీద తగిలి వెనక్కి వచ్చే తరంగాలను చూస్తుంది. వాన ఎక్కడుందో, ఎటు పోతోందో చెబుతుంది. గాలి ఎంత వేడిగా ఉందో చెప్పలేదు.

మనం మాట్లాడుకునే రాడార్ నిర్మలమైన ఆకాశంలో కూడా పనిచేస్తుంది. గాలిలోనే ఉండే చిన్న చిన్న సుడుల నుంచి, తేడాల నుంచి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని అది వింటుంది. అందుకే దాని సైజు కూడా మామూలుగా ఉండదు.

గాదంకి.. నాలుగెకరాల అంటెనా

తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్తే చంద్రగిరి దాటాక గాదంకి వస్తుంది. ఆ దారిన పోయేవాళ్లలో చాలామందికి గాదంకి అంటే టోల్ ప్లాజానే గుర్తొస్తుంది. కానీ ప్రపంచంలోని వాతావరణ శాస్త్రవేత్తలకు ఆ పేరు చెబితే గుర్తొచ్చేది ఎంఎస్‌టీ రాడార్. మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు పొరల పేర్లలోని మొదటి అక్షరాలే ఈ ఎంఎస్‌టీ.

1990ల మొదట్లో ఇది పని మొదలుపెట్టింది. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు, అంటే నాలుగెకరాలకు పైగా స్థలంలో 1024 అంటెనాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు ఇళ్ల మీద కనిపించిన టీవీ అంటెనాల లాంటివే, కాకపోతే అన్నీ ఆకాశం వైపు చూస్తుంటాయి. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మొదట్లో 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు కలిసి రెండున్నర మెగావాట్ల గరిష్ఠ శక్తితో తరంగాలు పంపేవి. తర్వాత ఒక్కో అంటెనాకు ఒక్కో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి ఆధునికీకరించారు. దీంతో రాడార్ చూపును ఏ వైపుకు కావాలంటే ఆ వైపుకు తేలిగ్గా తిప్పొచ్చు.

ఈ రాడార్ చుట్టూ పెరిగిన సంస్థకు 2005లో నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ అని పేరు వచ్చింది. కేంద్ర అంతరిక్ష విభాగం కింద నడుస్తోంది. గోపాల్‌పేట నుంచి గాదంకికి నేరుగా గీత గీస్తే మూడొందల కిలోమీటర్ల పైనే. నేల మీద అది దూరమే. కానీ ఆకాశంలో అలా కాదు. 90 కిలోమీటర్ల పైన వీచే పెద్ద అలలకు ఆ దూరం ఒక లెక్కలోది కాదు. గాదంకి మీద కనిపించింది చాలా వరకు పాలమూరు మీద కూడా జరుగుతుంది.

డీజే బేస్ లాంటి శబ్దంతో ఉష్ణోగ్రత!

ఇక అసలు పాయింట్. రాడార్ రేడియో తరంగాలు పంపుతుంది. రేడియో తరంగానికి గాలి వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా పెద్ద తేడా పడదు. మరి ఉష్ణోగ్రత ఎలా తెలుస్తుంది?

ఇక్కడే శబ్దం పనికొస్తుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది, చల్లని గాలిలో నెమ్మదిస్తుంది. 30 డిగ్రీల గాలిలో సెకనుకు దాదాపు 349 మీటర్లు. 16, 17 కిలోమీటర్ల పైన మైనస్ 80 డిగ్రీల దగ్గర సెకనుకు 279 మీటర్లే. ఒక్క డిగ్రీ మారితే వేగం సెకనుకు 60 సెంటీమీటర్ల పైచిలుకు మారుతుంది. అంటే శబ్ద వేగం తెలిస్తే ఉష్ణోగ్రత తెలిసినట్టే.

అందుకే రాడార్ పక్కన పెద్ద స్పీకర్లు పెట్టి శబ్దాన్ని నిట్టనిలువుగా ఆకాశంలోకి వదులుతారు. శబ్దం అంటే గాలిలో ఒత్తిడి అలలే కదా. ఆ అలలు మెట్లు మెట్లుగా పైకి పోతుంటే, రాడార్ వాటి మీదికి తరంగాలు పంపి, తిరిగి వచ్చిన సిగ్నల్‌ను బట్టి ఆ మెట్లు ఎంత వేగంగా పైకి పోతున్నాయో కొలుస్తుంది. రోడ్డు మీద స్పీడ్ గన్‌తో బండి వేగం పట్టినట్టే. ఇక్కడ బండి స్థానంలో శబ్దం ఉందంతే. ఈ పద్ధతిని ఇంగ్లిష్‌లో పొట్టిగా ‘రాస్’ అంటారు.

ఒక షరతు ఉంది. శబ్దపు అల పొడవు రాడార్ తరంగం పొడవులో సరిగ్గా సగం ఉండాలి. అప్పుడే మెట్టు మెట్టు నుంచి వచ్చే సిగ్నళ్లు ఒకదానికొకటి తోడై వినిపిస్తాయి. గాదంకి రాడార్ తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు. సగమంటే 2.83 మీటర్లు. లెక్క కడితే 100 నుంచి 125 హెర్ట్జ్ మధ్య శబ్దం కావాలి. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల నుంచి గుండెల మీద దబదబలాడే బేస్ ఉంటుంది చూడండి, అలాంటి లోతైన శబ్దం. ఈ శబ్దానికి ఇంకో గుణం ఉంది. సన్నని కీచు శబ్దం కంటే లోతైన శబ్దం గాలిలో తక్కువగా అరుగుతుంది, అందుకే ఎక్కువ ఎత్తుకు పోగలదు.

నేల మీంచి బయలుదేరిన శబ్దం 16 కిలోమీటర్లు ఎక్కడానికి ఒక నిమిషం కూడా పట్టదు. బెలూన్‌కు ఆ ఎత్తుకు దాదాపు గంట కావాలి. అందుకే కొన్ని నిమిషాలకొకసారి ఆకాశం మొత్తం ఉష్ణోగ్రత బొమ్మ గీయొచ్చు. గాదంకి రాడార్‌తో ఈ పద్ధతి తొలి ఫలితాలు 2008లో పరిశోధన పత్రంగా వచ్చాయి. జపాన్ శాస్త్రవేత్తలు కూడా ఆ పనిలో పాలుపంచుకున్నారు. జపాన్‌లోని షిగరాకిలో ఉన్న ఎంయూ రాడార్ మీద ఈ పద్ధతికి అప్పటికే చాలా అనుభవం ఉంది.

ఇబ్బందులూ లేకపోలేదు. పైన గాలి బలంగా వీస్తే శబ్దపు అలలు పక్కకు కొట్టుకుపోతాయి. రాడార్ చూపును కూడా గాలి వాటానికి తగ్గట్టు వంచాలి. గాలిలో తేమ ఎక్కువున్నా శబ్ద వేగం కాస్త మారుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

శబ్దం పోలేని చోట.. ఉల్కలే థర్మామీటర్లు

90 కిలోమీటర్ల దగ్గర గాలి ఎంత పలచనో తెలుసా? నేల మీది గాలితో పోలిస్తే లక్షల వంతుల్లో ఒక వంతు. స్పీకర్ శబ్దం అక్కడికి చేరదు. బెలూన్ పోదు. విమానం పోదు. ఉపగ్రహం అంత కిందికి వస్తే కాలిపోతుంది. రాకెట్ పోతుంది కానీ కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది. మరి రోజంతా ఎలా కొలవాలి?

ప్రకృతే పరికరాలు పంపుతోంది. రాత్రి ‘చుక్క రాలింది’ అని మనం అనుకునేది నిజానికి ఇసుక రేణువంత ఉల్క. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి 70 నుంచి 110 కిలోమీటర్ల మధ్య మండిపోతుంది. మన కంటికి కనిపించేవి ఏ కొన్నో. కనిపించనివి, పగటిపూట రాలేవి లెక్కలేనన్ని. ప్రతి ఉల్కా తన వెనక విద్యుదావేశం ఉన్న సన్నని చారిక వదులుతుంది. రాడార్ తరంగం ఆ చారికకు తగిలి వెనక్కి వస్తుంది.

ఆ చారిక ఎక్కువసేపు ఉండదు. నీళ్లలో వేసిన సిరా చుక్కలా చుట్టూ వ్యాపించి కరిగిపోతుంది. గాలి వేడిగా ఉంటే త్వరగా కరుగుతుంది, చల్లగా ఉంటే కాస్త ఆగుతుంది. సిగ్నల్ ఎంతసేపట్లో సన్నగిల్లిందో కొలిస్తే అక్కడి ఉష్ణోగ్రత లెక్క కట్టొచ్చు. 90 కిలోమీటర్ల దగ్గర ఆ సమయం ఎంతో తెలుసా? సుమారు సెకనులో పదో వంతు. రెప్ప కొట్టేంత సేపు కూడా కాదు!

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో 2013 నుంచి ఇలాంటి ఉల్కల రాడార్ ఉంది. 35.25 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మబ్బు పట్టినా, వాన పడినా, పగలైనా, రాత్రైనా దీనికి ఒకటే. రోజుకు వేల ఉల్కలను పడుతుంది. ఒకటికి మించిన అంటెనాలకు సిగ్నల్ ఏ తేడాతో చేరిందో చూసి, ఆ ఉల్క ఏ దిక్కులో, ఎంత ఎత్తులో రాలిందో కూడా చెబుతుంది.

ఒక్క ఉల్క మాట నమ్మకూడదు

ఇక్కడ జాగ్రత్త అవసరం. 90 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే, చారిక కరిగే వేగం ఐదారు శాతమే మారుతుంది. ఒక్కో ఉల్క తీరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్కదాన్ని నమ్మి చెప్పలేం. వందలు, వేలు కలిపి సగటు తీయాలి. గాలి పలచబడినా చారిక త్వరగా కరుగుతుంది కాబట్టి ఎత్తును, పీడనాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

ఇంకో తిరకాసు ఉంది. ఉల్కలు రోజంతా ఒకేలా రాలవు. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం ఆరు వేళ తక్కువ. కారణం సింపుల్. వానలో పోయే బస్సు ముందు అద్దానికి చినుకులు ఎక్కువ కొడతాయి, వెనక అద్దానికి తక్కువ. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఉదయం వేళ మనం బస్సు ముందు అద్దం వైపు ఉంటాం, సాయంత్రం వెనక వైపు.

అందుకే ఒక్క రోజులో గంటవారీ లెక్క తీయడం కష్టం. వరసగా చాలా రోజుల కొలతలు తీసుకుని, అన్ని రోజుల్లోని ఉదయం ఆరు గంటల ఉల్కలన్నీ ఒక కుప్ప, ఏడు గంటలవన్నీ ఒక కుప్ప.. ఇలా 24 కుప్పలు చేస్తారు. ఒక్కో కుప్ప సగటు తీస్తే రోజులో ఉష్ణోగ్రత ఎలా ఊగుతుందో కనిపిస్తుంది. ఉల్కల రాడార్‌తో ఇలా రోజువారీ ఊపును పట్టొచ్చని 2002లో కెనడా పరిశోధకులు చూపించారు.

అక్కడ ‘మధ్యాహ్నం’ గంటకో కిలోమీటరు దిగుతుంది!

మరి ఏం తేలింది? నేల మీద మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఎండ ఎక్కువ. తెల్లవారుజామున చల్లన. ఇది అందరికీ తెలుసు. 90 కిలోమీటర్ల పైన ఈ లెక్క చెల్లదు.

సూర్యుడు కింది గాలిలోని తేమను, పైనున్న ఓజోన్‌ను రోజూ ఒకే తీరుగా వేడి చేస్తాడు. రాత్రికి అవి చల్లబడతాయి. రోజుకొకసారి ఊపిరి పీల్చి వదిలినట్టు జరిగే ఈ పనితో గాలిలో పెద్ద అలలు పుడతాయి. సముద్రంలో ఆటుపోట్లు ఉన్నట్టే ఇవి ఆకాశంలో ఆటుపోట్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి అల పెద్దదవుతుంది. కొరడా పిడి దగ్గర చిన్న కదలిక, కొస దగ్గర చెళ్లుమనే దెబ్బ. అలాంటిదే ఇది. కింద సన్నగా మొదలైన ఊపు 90 కిలోమీటర్ల దగ్గర పది, ఇరవై డిగ్రీల దాకా పెరుగుతుంది.

ఉష్ణమండలంలో ఈ రోజువారీ అల పొడవు నిలువుగా సుమారు 25 కిలోమీటర్లు. అల శిఖరం పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. 24 గంటల్లో 25 కిలోమీటర్లు, అంటే గంటకు ఒక కిలోమీటరు. 90 కిలోమీటర్ల దగ్గర అత్యంత వెచ్చని గంట ఏదైతే ఉందో, 84 కిలోమీటర్ల దగ్గర అది ఆరు గంటలు ఆలస్యంగా వస్తుంది. 78 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా అదే సమయంలో చలి గంట నడుస్తుంటుంది. ఒక్కో ఎత్తుకు ఒక్కో మధ్యాహ్నం అన్నమాట.

ఇందులో మన మబ్బుల వాటా కూడా ఉంది. సాయంత్రం పాలమూరు మీద లేచే ఉరుముల మబ్బు లోపల ఆవిరి నీరుగా మారేటప్పుడు బోలెడు వేడి విడుదలవుతుంది. అది కూడా అలలను పుట్టించి పైకి పంపుతుంది. మన చేను మీద లేచిన మబ్బు ప్రభావం 90 కిలోమీటర్ల పైదాకా పోతుంది.

మీ ఫోన్‌లోనే చూడొచ్చు.. ఇలా ట్రై చేయండి

ఆకాశంలో ఆటుపోట్లు అంటే నమ్మబుద్ధి కాలేదా? కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. గాలి పీడనం చూపే ఉచిత యాప్ వేసుకోండి. వాన, తుపాను లేని రోజున ఫోన్‌ను ఒకే చోట పెట్టి మూడు గంటలకొకసారి అంకె రాసుకోండి.

ఉదయం పది గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువ కనిపిస్తుంది. సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది. రాత్రి పదింటికి మళ్లీ పెరిగి, తెల్లవారుజామున నాలుగు వేళ మళ్లీ తగ్గుతుంది. తేడా మూడు, నాలుగు హెక్టోపాస్కల్స్. ఇది ఆకాశపు అల రోజుకు రెండుసార్లు మీ ఇంటి మీదుగా పోయిన గుర్తు. ఫోన్ ఒక అంతస్తు పైకి తీసుకుపోయినా అంకె మారుతుంది, అందుకే కదపకూడదు.

రోజువారీ తేడా పట్టకపోతే ఏమవుతుంది? ఒక ప్రపంచ స్థాయి పొరపాటు

‘ఇంత సూక్ష్మం ఎందుకు, రోజుకొకసారి కొలిస్తే చాలదా?’ అనిపించొచ్చు. చాలదు. దానికి పెద్ద ఉదాహరణే ఉంది.

1979 నుంచి అమెరికా ఉపగ్రహాలతో కింది వాతావరణం ఉష్ణోగ్రతను లెక్కగడుతున్నారు. ఏళ్ల తరబడి ఒక లెక్కలో భూమి పెద్దగా వేడెక్కలేదన్నట్టు వచ్చేది. నేల మీది థర్మామీటర్లు మాత్రం వేడెక్కుతోందని చెప్పేవి. దీని మీద పెద్ద రచ్చే జరిగింది. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో అసలు సంగతి బయటపడింది. ఆ ఉపగ్రహాలు కొన్నేళ్లకు కక్ష్య జరిగి, ఒకే ప్రదేశం మీదికి అంతకుముందు కంటే ఆలస్యంగా రావడం మొదలైంది. రోజులో వేరే గంటలో కొలిస్తే ఉష్ణోగ్రత కూడా వేరేగా ఉంటుంది కదా. ఆ రోజువారీ తేడాను సరిచేయడంలో తప్పు జరిగింది. సరిదిద్దాక వేడి పెరుగుతున్నట్టే తేలింది.

ఇవాళ ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ కింద గాలి వేడెక్కుతోంది, పైన 50 కిలోమీటర్లు దాటాక చల్లబడుతోంది. గాలి దట్టంగా ఉన్న చోట ఆ వాయువు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. పలచని చోట అదే వాయువు వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. ఈ చల్లదనం పదేళ్లకు ఒకటి, రెండు డిగ్రీల లెక్కలో ఉండేది. రోజువారీ ఊపు పది, ఇరవై డిగ్రీలు. పెద్ద ఊపులోంచి చిన్న మార్పును విడదీయాలంటే ముందు ఊపు ఎంతో కచ్చితంగా తెలియాలి.

ఉపగ్రహాలు కొలవడం లేదా? కొలుస్తాయి. 2001లో నాసా ప్రయోగించిన టైమ్‌డ్ ఉపగ్రహంలోని సేబర్ పరికరం ఈ ఎత్తుల ఉష్ణోగ్రతనే కొలుస్తుంది. కానీ ఒక ప్రదేశం మీద రోజులోని అన్ని గంటలూ చూడటానికి దానికి దాదాపు 60 రోజులు పడుతుంది. గాదంకిలో 1998 నుంచి లేజర్ కాంతితో కొలిచే లైడార్ కూడా ఉంది. అది మబ్బు లేని రాత్రుల్లోనే పనిచేస్తుంది. పగలూ రాత్రీ విడవకుండా ఒకే చోట కూర్చుని చూసేది రాడారే. ఇవన్నీ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి.

ఇంకా పైన.. 40 ఉపగ్రహాల పాఠం

300 కిలోమీటర్ల ఎత్తుకు పోతే పగలు, రాత్రి తేడా వందల డిగ్రీలు. అక్కడ ఎలక్ట్రాన్ల నుంచి చెదిరి వచ్చే సిగ్నల్‌ను బట్టి ఉష్ణోగ్రత కొలిచే భారీ రాడార్లు ఉన్నాయి. పెరూ దేశంలోని హికమార్కా రాడార్ 1960ల నుంచి ఈ పనిలో ఉంది. 2020 డిసెంబర్‌లో కూలిపోయిన అరెసిబో కూడా ఇలాంటిదే.

అక్కడి వేడితో మనకేం పని? ఒక్క సంఘటన చాలు. 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ 49 ఉపగ్రహాలను ప్రయోగించింది. అదే సమయంలో సౌర తుపాను ప్రభావంతో పై గాలి వేడెక్కి ఉబ్బింది. తక్కువ ఎత్తులో ఉన్న ఆ ఉపగ్రహాలకు గాలి రాపిడి పెరిగింది. దాదాపు 40 ఉపగ్రహాలు పైకి ఎక్కలేక కాలిపోయాయి. పై ఆకాశం ఉష్ణోగ్రతలో తేడా వస్తే జేబుకు చిల్లు ఎలా పడుతుందో చూపిన సంఘటన ఇది.

మరి గోపాల్‌పేటకు ఏంటి లాభం?

సూటిగా చెప్పాలంటే, గాదంకి, తిరుపతి రాడార్లు పరిశోధన కోసం ఉన్నవి. ‘ఇవాళ నాలుగింటికి మీ ఊళ్లో పిడుగు పడుతుంది’ అని అవి చెప్పవు. కానీ కంప్యూటర్ మోడల్స్‌లో ఆకాశం రోజంతా ఎలా వేడెక్కి చల్లబడుతుందో సరిగ్గా రాయాలంటే ఇలాంటి కొలతలే ఆధారం. మోడల్‌లో ఆ మూత ఒక గంట ముందే తొలగితే, వాన కూడా ఒక గంట ముందే చూపిస్తుంది. వడ్లు కుప్ప చేయాలా, ఇంకాసేపు ఆరబెట్టాలా అని చూసే రైతుకు ఆ గంటే అసలు విషయం.

పిడుగుల విషయంలో అది ప్రాణం సంగతి కూడా. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది పొలం పనుల్లో ఉన్నవాళ్లే. అందుకే సాయంత్రం పూట ఈ జాగ్రత్తలు మరవొద్దు:

- ఫోన్‌లో ‘దామిని’ యాప్ పెట్టుకోండి. మీరున్న చోటికి దగ్గర్లో పిడుగులు పడే అవకాశం ఉంటే హెచ్చరిస్తుంది.
- ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు లెక్క. పని ఆపి గట్టి కప్పున్న ఇంట్లోకి పోవాలి.
- చెట్టు కిందికి, కరెంటు స్తంభం దగ్గరికి పోవద్దు. చెరువులో, మడిలో ఉంటే వెంటనే బయటికి రావాలి.
- ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ మళ్లీ చేనులోకి దిగొద్దు.

పొద్దున ఆకాశం తేటగా ఉంది కదా అని సాయంత్రం కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. పైన గాలి గంట గంటకూ మారుతూనే ఉంటుంది. ఆ మార్పును గాదంకిలో నాలుగెకరాల అంటెనాలు వింటున్నాయి. మీ జేబులో ఉన్న ఫోన్‌తో మీరూ కొంత చూడొచ్చు. రేపు ఉదయం పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పీడనం అంకె చూడండి. ఆకాశం ఊగడం మీకే తెలుస్తుంది.